మేస్త్రీ తాత – బండ్ల పుస్తకం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు ‘కష్టపడి చదివితే సాధించలేనిది లేదు’ అనే అంశం మీద రాద్దామనుకున్నాను. పాత విద్యార్థులం అందరం రాసేది అదే కదా! రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ కలం మేస్త్రీ తాత దగ్గరికే పోయి ఆగింది. 2024 డిసెంబరులో ఆయన చనిపోయాడు. నేనెరిగినంతలో మన హాస్టల్లో ఆయన షెడ్డుకు వెళ్లని బ్యాచ్ లేదు. కానీ మన సంచికల్లో ఆయన గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇప్పుడు ఆరో తరగతిలో చేరిన తమ్ముళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను. మన హాస్టల్ నుంచి మైపాడు రోడ్డు మీద సముద్రం వైపు ఒక కిలోమీటరు నడిస్తే గానుగ చెట్టు కింద రేకుల షెడ్డు ఉంటుంది. అదే తాత షెడ్డు. బోర్డు లేదు. రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లు తిప్పే డీజిల్ ఇంజన్లు, ఆటోలు, టాటా ఏస్ బండ్లు, ట్రాక్టర్లు, ఎప్పుడైనా ఒక కారు... ఏది ఆగిపోయినా అక్కడికే వచ్చేది. పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు. పెద్దవాళ్లకు మేస్త్రీ, మాకు మేస్త్రీ తాత.

నేను మొదటిసారి పోయింది 2014లో, ఏడో తరగతిలో. ఆదివారం కోడికూర తిన్నాక సీనియర్ అన్నలు తీసుకుపోయారు. వాళ్లను ‘కార్ల బ్యాచ్’ అనేవారు. మా ఎవరి ఇంట్లోనూ కారు లేదు. చాలామంది ఇళ్లలో సైకిలు కూడా లేదు. అయినా రోడ్డు మీద పోయే బండి కనపడకముందే చప్పుడు విని అది ఏ బండో చెప్పేవారు. నాకది మాయలాగా అనిపించింది.

తాత నన్ను పైనుంచి కిందికి చూసి “ఏ ఊరబ్బోడా?” అన్నాడు. గంగపట్నం అన్నాను. “ప్రోగ్రెస్ కార్డు తెచ్చినావా?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. అన్నలు నవ్వారు. ఆ షెడ్డులో ఒకటే చట్టం. మార్కుల కార్డు చూపించందే స్పానర్ ముట్టుకోకూడదు. నాకు లెక్కల్లో ముప్పై ఎనిమిది. “అయితే నీకు గుడ్డ పీలికే. స్పానర్లు తుడువు. అరవై వచ్చినాక పది-పదకొండు ఇస్తా” అన్నాడు. పది-పదకొండు స్పానర్ చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను లెక్కలు చేసింది ఐఏఎస్ కావడానికి కాదు, ఆ ఇనుప ముక్క కోసం!

ఎందుకు తాతా ఈ చట్టం అని ఒకసారి అడిగాను. “నేనూ ఈ హాస్టలు అన్నం తిన్నోణ్ణేరా. ఏడులో గోడ దూకి లారీ ఎక్కినా. క్లీనరుగా పోయినా. మళ్లా దిగలా” అన్నాడు. అంతే. ఇంకేమీ చెప్పలేదు. ఆ మాట విన్న తర్వాత మన హాస్టల్ గోడను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవాడు.

షెడ్డులో ఇంకొక వస్తువు ఉండేది. అదే బండ్ల పుస్తకం. నిజానికి పుస్తకం కాదు, అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్. మొదటిదాని మీద 2001 అని ఉంది. కార్ల బ్యాచ్‌లో ఎవరైనా కొత్త బండిని చూసినా, ఏదైనా జబ్బును తాత నయం చేస్తుంటే చూసినా అందులో రాయాలి. బండి ఏది, ఎక్కడ చూశావు, చప్పుడు ఎట్లా ఉంది, జబ్బు ఏమిటి, ఎట్లా పోయింది. రాసినవాడి పేరు ఉండదు. ఊరు, బ్యాచ్ మాత్రమే. ‘విడవలూరోడు, 2006’. ‘ఊటుకూరోడు, 2011’. తాత కళ్లద్దాలు పెట్టుకుని వేలు ఆనించి నిదానంగా చదివేవాడు. తప్పుంటే మనతోనే కొట్టేయించి మళ్లీ రాయించేవాడు. తాను మాత్రం ఎప్పుడూ రాయలేదు. నా అక్షరం కోడి గెలికినట్టుంటది అనేవాడు.

ఆ పుస్తకంలో నేను ఎన్నడూ చూడని అన్నలు నాకు స్నేహితులయ్యారు. అంబాసిడర్ గురించి అల్లూరోడు రాసిన పేజీ నాకు దాదాపు కంఠతా వచ్చు. హాస్టల్ తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారి తెల్ల అంబాసిడర్ దారిలో ఆగిపోతే తాత బానెట్ ఎత్తాడట. లోపల జపాన్ వాళ్ల ఇసుజు 1800 సీసీ పెట్రోలు ఇంజన్. “ఒళ్లు బెంగాల్‌ది, గుండె జపాన్‌ది” అన్నాడట తాత. 1958 నుంచి మన దేశం రోడ్ల మీద తిరిగిన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఉత్తరపారా ఫ్యాక్టరీ మూసేశారని పేపర్లో చదివి వినిపిస్తే తాత ఆ పూట భోజనానికి ఆలస్యంగా లేచాడని సీనియర్లు చెప్పారు. తర్వాత 2016 ఏప్రిల్లో అదే ఇసుజు కంపెనీ మనకు దక్షిణాన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచినప్పుడు ఆ వార్త నేనే చదివాను. “చూసినావా, గుండె మన పక్కకే వచ్చేసింది” అని చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

కానీ తాతకు అన్నిటికంటే ఇష్టమైన కథ షోలవరం కథ.

1980 ప్రాంతంలో ఆయన క్లీనరుగా బియ్యం లోడుతో జీఎన్‌టీ రోడ్డు మీద మద్రాసు పోతున్నాడు. ఇప్పుడు జాతీయ రహదారి 16 అంటున్న రోడ్డు అదే. మద్రాసు ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం దగ్గర జనం, బండ్లు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఏటా దాని మీద కార్ల పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో కార్ల పందెం అంటే షోలవరమే. డ్రైవరు టీ తాగే లోపల తాత జనంలో దూరి చూశాడు. అక్కడ అందరి నోటా ఒక పేరు వినపడింది. కరివర్ధన్.

ఎస్. కరివర్ధన్ కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం మనిషి. తరతరాల కింద అక్కడ స్థిరపడిన తెలుగు మూలాలున్న కుటుంబం. అందరూ ఆయన్ని ‘కరి’ అనేవారట. ఆయన పందేల్లో తోలడమే కాదు, స్వయంగా కార్లు తయారుచేశాడు. 1980ల చివర ఫార్ములా మారుతీ అనే ఒంటి సీటు పందెం కారు తయారుచేశాడు. దాని ఇంజన్ ఏమిటనుకున్నారు? మన ఊళ్లలో పెళ్లిళ్లకు అద్దెకు తిరిగిన మారుతీ 800 ఇంజనే. 796 సీసీ, మూడు సిలిండర్లు! విదేశాల నుంచి లక్షలు పోసి తెప్పించుకోనక్కరలేదు. దేశంలో దొరికే సామానుతో పందెం కారు. ఆ కారుతో ఎందరో కొత్త కుర్రాళ్లు పోటీల్లోకి వచ్చారు. అందులోనే మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో తోలిన మొట్టమొదటి భారతీయుడయ్యాడు.

ఇదంతా చూడటానికి కరివర్ధన్ లేడు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆ వార్త తాతకు పేపరు ద్వారా రాలేదు. కోయంబత్తూరు నుంచి నూలు లోడుతో వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. తాత ఆ రోజు షెడ్డు మూసేశాడట. ఇంట్లో అవ్వ “ఎవురు పోయినారు? మనోళ్లా?” అని అడిగితే “మనోడే” అన్నాడట.

నేను ఇంటర్ చదివే రోజుల్లో తాతతో వాదించాను. “కార్ల పందేలు డబ్బున్నోళ్ల ఆట తాతా. ఆయన మిల్లు ఓనరు. నువ్వు కంచె బయట నిలబడ్డోడివి. ఆయన నీకు మనోడు ఎట్టయినాడు?” అన్నాను. అప్పుడప్పుడే నాలుగు పుస్తకాలు చదివి కోపం నేర్చుకున్న వయసు. తాతకు కోపం రాలేదు. చేతులు తుడుచుకుంటూ “నువ్వు చెప్పేది నిజమేలేరా. కంచె ఉండాది. కాదన్ల్యా. డబ్బున్నోళ్లు చానామంది కార్లు కొనుక్కున్నారు. ఆయన చేసి ఇంకొకడి చేతికిచ్చినాడు. నాకు అదే లెక్క” అన్నాడు. నేను మళ్లీ ఏదో అన్నాను. ఆయన పది-పదకొండు తెమ్మన్నాడు. వాదన అక్కడితో ఆగింది. ఆ మాట విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది. తాను కూడా అదే పని చేశాడు కదా!

నా చదువు విషయమే చెబుతాను. మా నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. రాత్రిపూట ఏరియేటర్ల ఇంజన్లు స్టార్ట్ చేయడం ఆయన పని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ క్లాసులో అడయాబాటిక్ ప్రాసెస్ చెబుతూ సారు ఒక ప్రశ్న వేశారు. “డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. మరి మంట ఎక్కడి నుంచి వస్తుంది?” క్లాసంతా నిశ్శబ్దం. నేను లేచాను. ఎనిమిదో తరగతిలో తాత నా చేతికి సైకిలు పంపు ఇచ్చి, గాలి బయటికి పోకుండా మూతి నొక్కిపట్టి గబగబా కొట్టమన్నాడు. తర్వాత పంపు కింది భాగం పట్టుకోమన్నాడు. చెయ్యి చురుక్కుమంది. “గాలిని నొక్కితే కాలింది చూడు. ఇరవై వంతుల గాలిని ఒక వంతు చోటులోకి నొక్కితే ఇంకెంత కాలాల? ఆ కాలిన గాలిలో డీజిల్ చల్లితే అదే అంటుకుంటాది. అగ్గిపుల్ల ఎందుకు?” అన్నాడు. అదే క్లాసులో చెప్పాను. ఆ గాలి వేడి ఐదు వందల డిగ్రీలు దాటుతుందని సారు దానికి కలిపారు. “ఎక్కడ చదివావు?” అని అడిగారు. మైపాడు రోడ్డులో అని చెప్పలేక నవ్వి కూర్చున్నాను. స్థిరోష్ణక ప్రక్రియ అనే పేరు నాకు ఆ రోజు తెలిసింది. విషయం మాత్రం ఆరేళ్ల ముందే చేతికి కాలి తెలుసు.

2023లో డిగ్రీ పాసయ్యాక మార్కుల మెమో పట్టుకుని నేరుగా షెడ్డుకు పోయాను. తాత కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి సబ్జెక్టూ వేలు పెట్టి చదివాడు. తర్వాత పెట్టెలోంచి పాత పన్నెండు-పదమూడు స్పానర్ తీసి ఇచ్చాడు. క్లీనరు రోజుల నాటిది. “ఇది నీది. పని చేసుకోను కాదులే, పెట్టెలో పెట్టుకో” అన్నాడు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది మిత్రులారా.

పీజీలో చేరాక నేను షెడ్డుకు పోవడం తగ్గింది. 2024 ఆగస్టులో తాత అల్లుడి ఫోన్ నుంచి నాకు ఫోన్ చేశాడు. “అబ్బోడా, కోయంబత్తూరుకు ఎట్ట పోవాలో నీకు తెలుసు గదా. ఆ మహానుభావుడి పేరు పెట్టి పందెం రోడ్డు కట్టినారంట గదా. ఒక్కసారి చూసొద్దామా?” అన్నాడు. ఆయన అన్నది కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే గురించి. 2003 నుంచి అక్కడ పోటీలు జరుగుతున్నాయి. ఇరవై ఏళ్లుగా బండ్ల పుస్తకంలో దాని పేరు ఉంది. కానీ మాలో ఒక్కరూ చూడలేదు. “పరీక్షలు అయిపోగానే పోదాం తాతా” అన్నాను.

పరీక్షలు సెప్టెంబరులోనే అయిపోయాయి. దసరాకు పోదాం అన్నాను. దసరా పోయింది. మూడో సెమిస్టర్ అయ్యాక అన్నాను. నిజం చెబుతున్నాను, అడ్డం వచ్చింది పరీక్షలు కాదు. ఇద్దరికి రైలు ఛార్జీలు, అక్కడ ఉండటానికి ఖర్చు నా దగ్గర లేవు. పీజీ చదువుతున్న నేను ఆ మాట తాతతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. చెప్తే ఆయనే పెట్టుకుంటాడని తెలుసు. అదీ ఇష్టం లేకపోయింది. నవంబరులో ఒకసారి ఫోన్ వస్తే సెమినార్లో ఉన్నానని కట్ చేశాను. తిరిగి చేయడం మర్చిపోయాను. డిసెంబరులో అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అల్లుడు. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నేను పోయేసరికి షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆటోలు, ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు. తాత చెయ్యి పడని బండి అందులో ఒక్కటి కూడా ఉండదు. ఆయన్ని తీసుకుపోవడానికి ఒక టాటా ఏస్ పెట్టారు. రెండేళ్ల కింద ఆయనే ఇంజన్ దించి, విప్పి, మళ్లీ బిగించిన బండి. డ్రైవరు కళ్లు తుడుచుకుని తాళం తిప్పాడు. ఆ రెండు సిలిండర్ల ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

అప్పుడు ఒక సంగతి జరిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. అందరూ ఏడుస్తుంటే నేను ఇంజన్ చప్పుడు వింటున్నాను. కొద్దిగా ట్యాపెట్ శబ్దం వస్తోంది. క్లియరెన్స్ పెరిగింది, సరిచేయాలి అనుకున్నాను. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. తాత అందులో పడుకుని ఉంటే నేను ఆలోచించేది ఇదా? తల ఎత్తి చూశాను. నా ఎదురుగా నడి వయసు ఆయన ఒకరు తల కాస్త పక్కకు వంచి నిలబడి ఉన్నారు. ఆ పక్కన ఇంకొకరు. అటు ఇంకో ఇద్దరు. అందరూ అదే వింటున్నారు. వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ తల వంపు నాకు తెలుసు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం తాత నేర్పిన వాళ్లకే వచ్చే వంపు అది. నడి వయసు ఆయన నా వైపు చూసి “ట్యాపెట్టు” అన్నాడు మెల్లగా. నేను తల ఊపాను. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

పెద్దకర్మ నాడు మేమంతా షెడ్డులోనే కూర్చున్నాం. ఒకరు కృష్ణపట్నం పోర్టులో ట్రైలర్ తోలుతున్నారు. ఇద్దరు శ్రీసిటీ కంపెనీల్లో పనిచేస్తున్నారు. ఒకరు స్కూలు టీచరు. ఒకరు గల్ఫ్ నుంచి ఫోన్లోనే కూర్చున్నారు. పేర్లు చెప్పుకుంటే ఎవరికీ ఎవరూ తెలియలేదు. ఊరు, బ్యాచ్ చెప్పుకోగానే అందరం పాత స్నేహితులమయ్యాం. “అంబాసిడర్ పేజీ రాసింది నువ్వేనా అన్నా?” “సైకిలు పంపు సంగతి రాసిన గంగపట్నమోడివి నువ్వా?” ఇలా ఎంతసేపు మాట్లాడుకున్నామో! నవ్వుకున్నాం కూడా. అవ్వ లోపలి నుంచి నాలుగు బండ్ల పుస్తకాలూ తెచ్చి మా మధ్య పెట్టింది.

నాలుగో పుస్తకం చివరి పేజీ తిప్పాను. అక్కడ కోడి గెలికినట్టున్న అక్షరాలు. ఇరవై మూడేళ్లలో తాత రాసిన ఒకే ఒక్క రాత అది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

‘కోయంబత్తూరు. కరి రోడ్డు. గంగపట్నమోడి పరీచ్చలు అయినాక. ఇద్దరికి చార్జి నాది.’

చదివి పుస్తకం పక్కవాళ్లకు ఇచ్చాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి నడి వయసు ఆయన “ఎప్పుడు పోదాం?” అన్నారు.

ఈ వేసవిలో నలుగురం పోతున్నాం. తాత ఫోటో, నా పన్నెండు-పదమూడు తీసుకుపోతాం. ట్రాక్ లోపలికి రానిస్తారో రానియ్యరో తెలియదు. రానియ్యకపోతే కంచె బయట నిలబడి చూస్తాం. తాత కూడా షోలవరంలో అట్లాగే చూశాడు కదా. చూసి వచ్చి, చప్పుడు ఎట్లా ఉందో ఆయన రాత కిందనే రాస్తాం.

తమ్ముళ్లారా, ఒక్క మాట. చేస్తానని మాట ఇచ్చిన పనికి అడ్డం డబ్బే అయితే డబ్బు అని చెప్పండి. సిగ్గుపడి పరీక్షల పేరు చెప్పకండి. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే తాత ఆ ట్రాక్ చూసి ఉండేవాడు.

షెడ్డు మూతపడలేదు. మన 2012 బ్యాచ్ అన్న ఒకరు నడుపుతున్నారు. ఐదో బండ్ల పుస్తకానికి అట్ట వేసి పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక, వార్డెన్ గారికి చెప్పి ఎవరైనా పోవచ్చు. గోడ మాత్రం దూకకండి. గేటులోంచే పోండి. ప్రోగ్రెస్ కార్డు తీసుకుపోవడం మర్చిపోవద్దు. అది చూపించందే స్పానర్ ఇవ్వరు.

– గంగపట్నమోడు, 2018 బ్యాచ్